ఫ్రెంచి కప్పు: చిన్న ఊళ్ల పెద్ద పందెము

ఫ్రాన్సు దేశమున ఏటేటా ఏడువేలకు పైబడిన ఫుట్‌బాల్ క్లబ్బులు ఒకే వెండిపాత్ర కొఱకు పోటీపడును. ఆ పందెమును ఫ్రెంచివారు 'కూప్ ద ఫ్రాన్స్' అందురు. అనగా ఫ్రాన్సు కప్పు. పోటీపడు క్లబ్బులలో కోట్లకొలది ధనము వెచ్చించి దేశదేశముల ఆటగాండ్రను కొని తెచ్చుకొనునవి కొన్ని. పగలెల్ల ఉద్యోగము చేసికొని, సాయంకాలము దీపముల వెలుగులో సాధన చేయు గుమాస్తాలు, వడ్రంగులు, బడిపంతుళ్లు ఆడునవి వేలు. ఇరువురకును నియమము ఒక్కటే: ఓడినవారు ఇంటికి పోవలెను, గెలిచినవారు ముందునకు సాగవలెను. ఈ సమానత్వము నిజమైనదేనా, లేక ఏడాదికొకసారి జరుపుకొను ముచ్చట మాత్రమేనా అను ప్రశ్న ఈ కప్పు చరిత్ర చదువువారికి తప్పక తోచును.

పందెము పుట్టినది యుద్ధకాలమున. పుట్టినది ఒక మృతుని పేర. షార్ల్ సిమోన్ అను క్రీడాకార్యదర్శి 1882లో జన్మించెను. ఆతని యౌవనమునాటి ఫ్రాన్సులో చర్చికిని ప్రభుత్వమునకును నడచిన కలహము శాసనసభతో ఆగక ఆటస్థలముల వరకు ప్రాకియుండెను. మతప్రసక్తి లేని క్రీడాసంఘములు ఒక ప్రక్క, కతోలికుల ఆదరణలో పెరిగిన యువజనసంఘములు మరొక ప్రక్క; ఎవరి పోటీలు వారివి, ఎవరి విజేతలు వారివి. ఒకే సంవత్సరమున 'ఫ్రాన్సు విజేతలము' అని చెప్పుకొను జట్లు ఒకటికి మించి యుండుట ఆనాటి వింత. ఈ వేర్వేరు సమాఖ్యలను ఒక గొడుగు క్రిందికి తెచ్చుటకై 1907లో ఒక ఉమ్మడి సంఘము ఏర్పడగా, దానికి ప్రధానకార్యదర్శియై శ్రమించినవాడు సిమోన్. 1915 జూన్‌లో, ఉత్తర ఫ్రాన్సులోని ఆర్రాస్ పట్టణమునకు సమీపమున, ఆతడు యుద్ధరంగమున మరణించెను.

ఆతని పనిని చేతికెత్తుకొన్నవాడు ఆన్రీ దెలోనే. ఈ దెలోనే 1902లో లండనుకు పోయి క్రిస్టల్ ప్యాలెస్ మైదానమున ఇంగ్లీషు కప్పు ఫైనలు చూచెను. ఇంగ్లండులో ఆ పందెము 1871లోనే మొదలైనది. అట్టి పందెము తన దేశమునకును కావలెనను కోరిక ఆనాడే దెలోనే మనస్సున నాటుకొనెను. పదునైదేండ్ల తరువాత, 1917 జనవరిలో, యుద్ధము ఇంకను ముగియకుండగనే, 'షార్ల్ సిమోన్ కప్పు' ప్రకటింపబడెను. ఏ సమాఖ్యకు చెందిన క్లబ్బయినను పాల్గొనవచ్చుననునది దాని మొదటి షరతు. నేడు చిన్నదిగా కనబడు ఈ మాట ఆనాడు చాల పెద్దది. చర్చివారి జట్టును, చర్చి మాటయే గిట్టనివారి జట్టును ఒకే మైదానమున నిలుపుటయే ఆ షరతులోని అంతరార్థము. వెండిపాత్రను బహూకరించిన డాక్టరు పాల్ మిషో కతోలిక క్రీడాసమాఖ్యను స్థాపించిన వైద్యుడు.

మొదటి ఏట 48 క్లబ్బులు ముందుకు వచ్చినవి. 1917 అక్టోబరులో ఆటలు ప్రారంభమై, 1918 మే 5వ తేదీన పారిస్ నగరమున ఒక చిన్న మైదానములో ఫైనలు జరిగెను. ఆ వసంతమున జర్మనుల దూరపు ఫిరంగి పారిస్ మీద గుండ్లు కురిపించుచుండెను. చూడవచ్చినవారు సుమారు రెండువేలమంది. పారిస్ పొలిమేరలోని పాంతెన్ అను పారిశ్రామికపట్టణపు జట్టు లియోన్ జట్టును మూడు గోళ్ల తేడాతో ఓడించెను. లియోనువారికి ఒక్క గోలు కూడ దక్కలేదు.

గమనింపదగిన సంగతి ఒకటి కలదు. సాధారణముగా దేశమునకు మొదట ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడును, తరువాత అది పందెములు నడుపును. ఫ్రాన్సులో వరుస తారుమారైనది. కప్పు నడచిన తరువాత గాని, 1919 ఏప్రిల్‌లో, దేశమంతటికి ఒకే సమాఖ్య ఏర్పడలేదు. దాని అధ్యక్షుడు జూల్ రిమే, కార్యదర్శి దెలోనే. ఈ ఇరువురి పేర్లును తరువాత లోకమునకు తెలిసినవి: మొదటి ప్రపంచకప్పు పాత్ర రిమే పేరు ధరించినది, ఐరోపా దేశముల కప్పు పాత్ర నేటికిని దెలోనే పేరుతోనే పిలువబడుచున్నది.

1927లో దేశాధ్యక్షుడు గాస్తోన్ దూమెర్గ్ స్వయముగా ఫైనలునకు విచ్చేసెను. అధ్యక్షుడు వచ్చి ఆటగాండ్రతో కరచాలనము చేయు ఆచారము అప్పటినుండి సాగుచున్నది. ఆ ఏట మార్సెయ్ నగరపు జట్టు చేత ఓడినది రువాన్ నగరము చెంతనున్న కెవిలీ అను చిన్న ఊరి జట్టు. ఎనుబదియైదేండ్లు గడచిన పిదప, 2012లో, అదే కెవిలీ మూడవ తరగతి జట్టుగా నుండి, అదే మార్సెయ్‌ను క్వార్టర్ ఫైనలులో 3-2 గోళ్లతో ఓడించి మరల ఫైనలు చేరెను. ఫైనలులో లియోన్ చేత ఒక్క గోలు తేడాతో ఓడిపోయినది. ఎనుబదియైదేండ్ల బాకీ తీరినదనుకొనవచ్చును గాని, పాత్ర మాత్రము కెవిలీకి దక్కలేదు.

ఈ పందెములో క్లబ్బుల జోడీలు చీట్లు తీసి నిర్ణయింపబడును. పెద్ద క్లబ్బులు తొలి రౌండ్లలో ఆడవు. శీతకాలమున చివరి 64 జట్లలో వచ్చి చేరును. ఎదుటిజట్టు కంటె రెండు తరగతులు, అంతకు మించి దిగువనున్న క్లబ్బునకు ఆట దాని ఊళ్లోనే జరుపుకొను హక్కు కలదు. ఆ దినమున రాజధాని నుండి వచ్చిన ప్రసిద్ధులు బురదనిండిన మైదానమున, ఊరివారి కేకల నడుమ ఆడవలసినదే. అట్టి చిన్న జట్టును ఫ్రెంచి పత్రికలు 'బొటనవ్రేలంత బాలుడు' అని ముద్దుగా పిలుచును. షార్ల్ పెరో 1697లో ప్రకటించిన కథలలో రాకాసిని బోల్తా కొట్టించిన బుడతడు వాడు. ఫ్రెంచి పిల్లలెల్లరకును తెలిసినవాడే.

కప్పు దేశచరిత్రకు దూరముగా నిలువలేదు. రెండవ ప్రపంచయుద్ధమున ఫ్రాన్సు ముక్కలైనప్పుడు కప్పు కూడ ముక్కలైనది. నిషిద్ధమండలము, ఆక్రమితమండలము, స్వేచ్ఛామండలము అని మూడు భాగములుగా ఆటలు నడచి, చివర మూడింటి విజేతలు తలపడిరి. 1943-44లో విషీ ప్రభుత్వము వృత్తిక్లబ్బులనే ప్రక్కకు నెట్టి, రాష్ట్రముల పేర తానే జట్లు కూర్చెను. ఆ ఏటి విజేత నాన్సీ-లొరేన్ ఎవరి క్లబ్బును కాదు. ఎవరి హృదయములోను నిలువలేదు.

1957 సంవత్సరము మరింత క్లిష్టమైనది. ఉత్తరాఫ్రికాలోని క్లబ్బులకు అప్పటికి కప్పు వాకిలి తెరవబడియుండెను. అల్జీరియా స్వాతంత్ర్యసమరము రాజధాని వీధులలో రగులుచున్న ఆ ఫిబ్రవరిలో, ఆ నగరపు శివారైన ఎల్ బియార్ నుండి వచ్చిన అనామకపు జట్టు తులూజ్ మైదానమున రేన్స్ జట్టును 2-0తో ఓడించెను. రేన్స్ సామాన్యమైన జట్టు కాదు. అంతకు ముందు ఏడే మొదటి ఐరోపా కప్పు ఫైనలులో మాడ్రిడ్‌తో తలపడి 4-3తో ఓడిన మేటి జట్టు. ఆ మే నెల 26న, పారిస్ చెంతనున్న కొలోంబ్ స్టేడియమున, దేశాధ్యక్షుడు రెనే కోతీ సమక్షమున ఫైనలు జరిగెను. ఆట ముగిసి జనము బయటికి వచ్చుచుండగా, ఫ్రెంచి పక్షమున నిలిచిన అల్జీరియా రాజకీయనాయకుడు అలీ షెక్కాల్‌ను మహమ్మద్ బెన్ సాదోక్ అను యువకుడు కాల్చి చంపెను. ఆనాటి పత్రికలలో తులూజ్ జట్టు గెలిచిన వార్త ప్రక్కనే ఆ హత్యవార్త నిలిచినది. 1962లో అల్జీరియా స్వతంత్రమైనది.

1992 మే 5వ తేదీన కార్సికా ద్వీపములోని ఫురియానీ గ్రామమున, బాస్తియా-మార్సెయ్ జట్ల సెమీఫైనలునకు ముందు, ఎక్కువమందిని కూర్చుండబెట్టవలెనను ఆశతో హడావుడిగా కట్టిన తాత్కాలికపు గ్యాలరీ కూలిపోయెను. 19 మంది మరణించిరి. రెండువేల మూడువందలమందికి పైగా గాయపడిరి. ఆ ఏట కప్పు ఎవరికిని ఈయబడలేదు. మృతుల కుటుంబములు చాలకాలము పోరాడిన మీదట, ఆ తేదీన వృత్తిజట్ల ఆటలు జరుపరాదని 2021లో ఫ్రెంచి శాసనసభ చట్టము చేసెను. 1918లో మొదటి ఫైనలు జరిగినదియు మే 5ననే యగుట కాకతాళీయము.

సముద్రముల ఆవలనున్న ఫ్రెంచి భూభాగముల క్లబ్బులును ఈ పందెమున పాల్గొనుచున్నవి. హిందూమహాసముద్రములోని రీయూనియన్ ద్వీపమునకును పారిస్‌కును దూరము తొమ్మిదివేల కిలోమీటర్లకు పైబడినది. 2020 జనవరిలో ఆ ద్వీపపు సెయింట్ పియెర్ పట్టణపు జట్టు అంతదూరము విమానమున వచ్చి, రెండవ తరగతి వృత్తిజట్టయిన నియోర్‌ను వారి ఊళ్లోనే 2-1తో ఓడించెను. తెలుగు పాఠకులకు ఆ ద్వీపము పూర్తిగా పరాయిది కాదు. 1828లో అక్కడి చెరకుతోటలకు ఒప్పందముపై పోయిన తొలి భారతీయ కూలీలు ఫ్రెంచివారి యేలుబడిలోని యానాము నుండి ఓడ యెక్కిన తెలుగువారే.

ఇక మొదటి ప్రశ్న. ఫ్రాన్సులో 1932లో వృత్తిఫుట్‌బాల్ ఆరంభమైనది మొదలు, మొదటి రెండు తరగతులకు దిగువనున్న క్లబ్బు ఏదియు కప్పు గెలువలేదు. రెండవ తరగతి క్లబ్బులకు సైతము దక్కినది రెండుసార్లే: 1959లో ల హావ్ర్, 2009లో గెంగాన్. గెంగాన్ ఏడువేల జనాభాగల బ్రిటనీ ప్రాంతపు చిన్న పట్టణము; ఇది చిన్న ఘనత కాదు. 1970లో పుట్టిన పారిస్ సెయింట్ జెర్మేన్ క్లబ్బు 2025 నాటికి 16 సార్లు గెలిచినది. ధనము ఎచ్చట నున్నదో పాత్ర తరచుగా అచ్చటికే పోవుచున్నదని అంగీకరింపక తప్పదు. వాకిలి అందరకును తెరచియున్నది. లోపలి గదికి చేరువారు కొందరే. అయినను ఆ గది గడప మీద కాలు మోపిన జట్టు ఒకటి కలదు. ఫ్రెంచివారు పాతికేండ్లు దాటినను దానిని మరువలేదు.

అది కలే పట్టణపు జట్టు. ఇంగ్లీషు ఛానల్ ఒడ్డున, ఇంగ్లండుకు పోవు ఓడలరేవు కలే. 1347లో ఇంగ్లండురాజు మూడవ ఎడ్వర్డు ముట్టడి నుండి ఊరిని కాపాడుటకు మెడకు త్రాళ్లు తగిలించుకొని శత్రుశిబిరమునకు నడచిన ఆరుగురు పౌరుల కథతో ఆ పట్టణము ప్రసిద్ధమైనది. రోదెన్ చెక్కిన వారి విగ్రహములు 1895 నుండి అచ్చట నిలిచియున్నవి. 1999-2000లో కలే జట్టు నాల్గవ తరగతిలో ఆడుచుండెను. ఆటగాండ్రు ఓడరేవు పనివారు, దుకాణముల ఉద్యోగులు, గుమాస్తాలు. శిక్షకుడు లాదిస్లాస్ లొజానో.

రెండవ తరగతికి చెందిన లీల్, కాన్ జట్లను కలేవారు పెనాల్టీ కిక్కులలో ఓడించిరి. క్వార్టర్ ఫైనలులో మొదటి తరగతి జట్టు స్ట్రాస్‌బూర్‌ను 2-1తో గెలిచిరి. సెమీఫైనలు లాన్స్ పట్టణమున, అంతకు ముందటి ఏటి దేశవిజేత బోర్దోతో. నియమితకాలమున ఎవ్వరును గోలు చేయలేదు. అదనపు సమయమున వృత్తిజట్టు అలసిపోవలసిన దినముగాదు, గుమాస్తాల జట్టు అలసిపోవలెను. కాని జరిగినది వేఱు. కలే 3-1తో గెలిచినది.

2000 మే 7న ఫైనలు. స్టాద్ ద ఫ్రాన్స్ మైదానమున డెబ్బదివేలకు పైగా జనము. ఎదుట నాంత్ జట్టు. 34వ నిమిషమున జెరోమ్ దుతీత్ర్ గోలు చేయగా కలే ముందంజలో నిలిచెను. విరామము తరువాత కొద్దిసేపటికే నాంత్ ఆటగాడు ఆంత్వాన్ సిబియెర్‌స్కీ గోలు సరిచేసెను. ఆట ముగియుటకు వచ్చిన 90వ నిమిషమున రెఫరీ నాంత్‌కు పెనాల్టీ ఇచ్చెను. దానిని కొట్టినవాడును సిబియెర్‌స్కీయే. 2-1.

పాత్రను అందుకొన వెళ్లిన నాంత్ నాయకుడు, గోలుకీపరు మికేల్ లాంద్రో, ఇరువదియేండ్ల యువకుడు. ఆతడు ఓడిన జట్టు నాయకుడు రెజినాల్డ్ బెక్‌ను తన ప్రక్కకు పిలిచి, ఇద్దరును చెరియొక ప్రక్క పట్టుకొని పాత్రను పైకెత్తిరి. ఓడినవారి చేతిలో పాత్ర ఉండుట నియమావళిలో లేదు. 2018లో మూడవ తరగతికి చెందిన లెజెర్బియే జట్టు ఫైనలులో ఓడినప్పుడు పారిస్ జట్టు నాయకుడు తియాగో సిల్వాయు ఇట్లే చేసెను.

కలే కథ అంతటితో ముగిసినచో వినువారికి హాయిగా నుండును. 2006లో వారు మరల క్వార్టర్ ఫైనలు వరకు వచ్చి, మరల నాంత్ చేతనే ఒక్క గోలుతో ఓడిరి. 2008లో పట్టణమున పన్నెండువేలమంది పట్టు క్రొత్త స్టేడియము కట్టి, దానికి 'స్టాద్ ద లెపొపే' అని, అనగా వీరగాథా మైదానమని, పేరు పెట్టిరి. ఒక్క వసంతపు కీర్తి తెచ్చిన ఆశలకు నాల్గవ తరగతి ఆదాయము చాలలేదు. అప్పులు పెరిగినవి, లెక్కలు సరిపడనందున క్లబ్బు క్రింది తరగతులకు నెట్టబడెను. 2017లో న్యాయస్థానపు ఉత్తరువుతో అది మూతపడెను. బోర్దోను ఓడించిన క్లబ్బు నేడు లేదు. వీరగాథా మైదానము మాత్రము ఆ పేరుతోనే ఊరిలో నిలిచియున్నది.