రేకు మీద పట్టిన జిల్లాలు

2016 దసరాకు ముందు వారం రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. వరంగల్‌లో బోర్డులు రాసుకుని బతికేవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చాక చేతిరాతకు గిరాకీ పోయి, ఆటోల నంబరు పలకలతో నెట్టుకొస్తున్నా. అలాంటిది పండగనాడే, అక్టోబరు 11న, తెలంగాణలో ఉన్న 10 జిల్లాలు 31 అవుతున్నాయి. ప్రతి కొత్త ఆఫీసుకూ పొద్దున్నే పేరు కనపడాలి. ఫ్లెక్సీ మిషన్లు అందుకోలేక పని నా దాకా వచ్చింది.

మా ఒక్క వరంగల్ జిల్లాలోంచే అయిదు వచ్చాయి. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. జిల్లా అంటే అందరికీ కలెక్టరు గుర్తొస్తాడు. నాకు మాత్రం నాలుగడుగుల రేకు మీద ఎన్ని అక్షరాలు పడతాయన్నదే లెక్క. 'జనగామ' రాయడం పండగే. నాలుగంటే నాలుగు అక్షరాలు, ఒక్క ఒత్తు లేదు. జయశంకర్ భూపాలపల్లి దగ్గరికొచ్చేసరికి అక్షరం సగానికి కుదించాలి, కింద లకారం ఒత్తుకు చోటు వదలాలి.

ఈ జంట పేర్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. రాజన్న సిరిసిల్లలో రాజన్న అంటే వేములవాడ దేవుడు, సిరిసిల్ల అంటే మరమగ్గాలు. జోగులాంబ గద్వాలలో అమ్మవారు అలంపురంలో ఉంటుంది, చీరలు గద్వాలలో నేస్తారు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఆ నేలను అక్కడివాళ్లు నడిగడ్డ అంటారు. నన్నడిగితే బోర్డుకు ఆ పేరే బాగుండేది. కుమురం భీం ఆసిఫాబాద్ నా చేతికి రాలేదు, బతికిపోయా.

భూపాలపల్లి వైపు ఒక ఆఫీసుకు 'జయశంకర్' పెద్దగా, ఊరి పేరు కింద చిన్నగా రాశా. అటెండరు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "పెయింటరన్నా, సారంటే మాకూ గౌరవమే. గని మా ఊరు గింత చిన్నగ అయిందేంది?" అన్నాడు. న్యాయమే. తెలంగాణ ఉద్యమానికి దారి చూపిన జయశంకర్ సార్ పుట్టిన అక్కంపేట ఆత్మకూరు మండలంలో, మా నగరానికి దగ్గర్లో ఉంది. ఆయన పేరు పెట్టిన జిల్లాలో లేదు. బొగ్గు తవ్వేది మాత్రం భూపాలపల్లి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి రెండూ ఒకే సైజులో మళ్లీ రాశా. రంగు ఖర్చు నాదే.

మహబూబాబాద్‌ను ఇప్పటికీ ఎవరూ బోర్డులో ఉన్నట్టు పిలవరు. మానుకోట అనే అంటారు. మిర్చి బస్తాలతో మా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే తండాల రైతులను ఏ జిల్లా అని అడగండి, ముందు మానుకోటే వస్తుంది.

2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కలిసి లెక్క 33కు చేరింది. ములుగు నా కుంచెకు ముద్దొచ్చే పేరు. మూడక్షరాలు, మూడింటికీ కొమ్ములే. 1213 నాటి రామప్ప గుడి అక్కడిదే, యునెస్కో జాబితాకెక్కింది 2021లో. మేడారం కూడా ఆ జిల్లాదే. రెండేళ్లకోసారి అక్కడి జాతరలో జనం తమ బరువుకు సరితూగే బెల్లం అమ్మవార్లకు ఇస్తారు, దాన్ని బంగారం అంటారు. నేనూ ఒకసారి తూగా, కాటా మీద కూచుంటే నవ్వాపుకోలేకపోయా. ఏటూరునాగారం మనిషి కలెక్టరేటు పని మీద వరంగల్ రావాలంటే ఒకప్పుడు వంద కిలోమీటర్ల పైమాటే. ఇప్పుడు సగం దారిలోనే పని తీరుతుంది. నా మట్టుకు జిల్లాలు చీల్చినందుకు ఒప్పుకునే లాభం ఇదొక్కటే.

అర్బన్, రూరల్ అన్న మాటలు నాకెప్పుడూ నచ్చలేదు. ఊళ్ల పేర్లకు కరువొచ్చినట్టు! 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. కోట, తోరణాలు వరంగల్‌కు, వేయిస్తంభాల గుడి హనుమకొండకు పోయాయి. అంతా కలిస్తే ఒకే నగరం, సిటీ బస్సులో కూచున్నవాడికి జిల్లా ఎక్కడ మారిందో తెలియదు. అయిదేళ్ల కింద నేనే రాసిన 'అర్బన్'ను గరుకు కాగితంతో నేనే గీకా. కొత్త పేరులో నకారానికి కొమ్ము ఉండాలా, దాని కింద మకారం ఒత్తు పెట్టాలా అని ఆఫీసు ఆఫీసుకూ ఒక మాట. నేను ఎక్కడ చెప్పినట్టు అక్కడ రాసి డబ్బులు తీసుకున్నా.

మా జిల్లా నుంచి పోయిన ఊళ్లలో నన్ను బాధపెట్టింది చేర్యాల. బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రటి నేల మీద కథలకు కథలు గీసే నకాషీ ఊరు. మేము బతుకుతెరువుకు రాస్తాం, వాళ్లది అసలు చెయ్యి. పాత వరంగల్ జిల్లా ఊరే, 2016లో సిద్దిపేటకు పోయింది. మొన్న అక్కడొక బొమ్మల దుకాణానికి బోర్డు రాయడానికి వెళ్లా. పేరు రాసి, సుద్దదారం కొట్టి, "కింద జిల్లా ఏం రాయాలె కాకా?" అన్నా.

రంగు కలుపుతున్న ముసలాయన తలెత్తలేదు. "జిల్లా ఎందుకు బిడ్డా, చేర్యాల అని రాయి. సాలు."

రేకు అడుగు తగ్గింది. నా కూలీ కూడా.