షుగరు ఎవరి వైపు నుండి వచ్చింది?

ఎల్.బి.నగర్‌లో ఒక ఇంట పెండ్లి మాటలు జరుగుతుండగా నేను అక్కడ ఉన్నాను. అమ్మాయి నచ్చింది, చదువు నచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుండి వచ్చిన అబ్బాయి తల్లి కాఫీ గ్లాసు క్రింద పెట్టి, "వదినగారూ, మీ వైపు షుగరు ఉందట గదా?" అని అడిగారు. అమ్మాయి తండ్రికి షుగరు ఉన్నమాట నిజమే. ఏదో దొంగతనము బయటపడినట్టు ఆయన తలవంచుకున్నారు.

ఈ ప్రశ్నకు సాక్ష్యము చెప్పగలవి, చిత్రముగా, ఎలుకలు.

ప్రయోగశాలలో చిట్టెలుకలను తోబుట్టువులనే జతకలుపుతూ ఇరవై తరములు పెంచుతారు. అప్పటికి ఆ వంశములోని ఎలుకలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. వాటి జన్యువులలో తేడా దాదాపు ఉండదు. ఇటువంటి మొదటి వంశమును అమెరికాలో క్లారెన్స్ కుక్ లిటిల్ 1909లో ప్రారంభించాడు. 1929లో ఆయనే బార్ హార్బరు అనే ఊరిలో జాక్సన్ ప్రయోగశాలను స్థాపించాడు. (ఇది చదువగానే మన మేనరికములు గుర్తుకు రాక మానవు. మేనమామ, మేనత్త పిల్లలు పంచుకొనేది ఎనిమిదింట ఒక వంతు మాత్రమే. అయినను దాగియున్న జబ్బులు రెండు వైపుల నుండి కలిసే ప్రమాదము అందులో ఉన్నది. అది వేరొక వ్యాసమునకు తగిన సంగతి.)

ఆ ప్రయోగశాలలోనే 1949లో విపరీతముగా లావెక్కిన చిట్టెలుకలు కనబడ్డాయి. లోపము ఒక్క జన్యువులోనే ఉన్నది. ఒంట్లో కొవ్వు చాలినంత ఉన్నదని మెదడుకు కబురు చేర్చే లెప్టిన్ అనే హార్మోను ఆ జన్యువు వలన తయారవుతుందని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్నది. అయితే అంతకు చాలా ముందే డగ్లస్ కోల్‌మన్ ఒక పని చేశాడు. అదే లోపమును రెండు వేర్వేరు వంశములలోనికి తెచ్చి చూశాడు. ఒక వంశములో ఎలుకలు లావెక్కినా షుగరు కొంత పెరిగి సర్దుకున్నది. రెండవ వంశములో అదే లోపము తీవ్రమైన మధుమేహమై ప్రాణము తీసింది. అనగా, మిగిలిన జన్యువులలో ఏవో ఒక చోట కాపాడుతున్నాయి, మరొక చోట ముంచుతున్నాయి.

అవి ఎక్కడున్నాయి? రెండు వంశములను కలిపితే పిల్లలన్నీ ఒకేలా పుడతాయి. ఆ పిల్లలను మరల జతకలిపితే, మనుమల తరములో రెండు వంశముల ముక్కలు కలగాపులగమైపోతాయి. వందలాది మనుమల షుగరు కొలిచి, ఒక్కొక్కదాని క్రోమోజోముల మీది గుర్తులను చూస్తారు. షుగరు ఎక్కువైన వాటిలో ఏ గుర్తు మాటిమాటికీ ఒకే వంశము నుండి వస్తున్నదో, దాని దాపునే కారణము ఉన్నదన్నమాట. మా ఇల్లు చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ల మధ్య ఎక్కడో ఉన్నదని ఎవరైనా చెప్పినట్టే ఇది. ఆ మధ్యనున్న గల్లీలన్నీ కాలినడకన వెదకవలసినదే. దానికి ఏండ్లు పడుతుంది.

ఇట్లు వెదకగా ఒక్క ఇల్లు కాదు, అనేక క్రోమోజోముల మీద అనేక చోట్లు బయటపడ్డాయి. ఒక్కొక్కటి కొద్దికొద్దిగా తోస్తుంది. కొన్ని కొవ్వు మేత పెట్టినప్పుడే పని చేస్తాయి. అన్నిటికంటె నాకు ఆశ్చర్యము కలిగించినది ఇది: న్యూజీలాండ్ లావు ఎలుకల వంశమును ఎస్.జె.ఎల్. అనే సన్నని వంశముతో కలిపినప్పుడు, షుగరును ముదిరేటట్టు చేసిన ఒక ముక్క సన్నని వైపు నుండియే వచ్చింది!

ఇది మనకు దూరపు కథ కాదు. ఎల్.బి.నగర్ నుండి నాగోలు, ఉప్పల్, హబ్సిగూడ మీదుగా వెళ్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. ఎన్నో దశాబ్దములుగా అక్కడ కాపాడుకుంటూ వచ్చిన విస్టార్ ఎలుకల మందలో 1996లో తనంతట తానే లావెక్కే ఎలుక కనబడింది. ఎన్.వి. గిరిధరన్, ఆయన సహచరులు దాని నుండి ఒక వంశమును నిలబెట్టారు. వాటిలో కిలో బరువు దాటినవి కూడ ఉన్నాయి. లావైనవి సంతానము కనలేవు గనుక, లోపమును ఒక వైపు నుండి మాత్రమే పొందిన ఎలుకల ద్వారానే వంశము నడిచింది. ఆ లోపము 5వ క్రోమోజోము మీద, లెప్టిన్ కబురును అందుకొనే జన్యువు చెంతనే ఉన్నదని తరువాత గుర్తించారు. అక్కడికి దగ్గరలోని సి.సి.ఎం.బి.లో గిరిరాజ్ చాందక్ బృందము 2007లో మనుష్యుల మీదనే పరిశోధించి, పాశ్చాత్యులలో షుగరుతో ముడిపడిన ఒక జన్యువు మన దేశస్థులలోను అట్లే ముడిపడియున్నదని చూపింది. మనుష్యులలో ఇప్పటికి ఇటువంటి చోట్లు వందలు దొరికాయి. అవి కొద్దో గొప్పో అందరి ఇండ్లలోను ఉన్నవే. తండ్రికి షుగరు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశము పెరుగుతుందన్న మాట నిజమే, దాచనవసరము లేదు. అయితే ఆ లెక్కలో తల్లి వైపు కూడ ఉంటుంది, వంటిల్లూ ఉంటుంది.

ఆ సాయంత్రము ఇదంతా నేను చెప్పలేదు. "అమ్మా, లావు ఎలుక ఇంటి షుగరులో కొంత సన్న ఎలుక పుట్టింటిదేనట" అని మాత్రము అన్నాను. ఆమె నవ్వారు. అంతవరకు నోరు విప్పని అబ్బాయి తండ్రి, "మా అమ్మకు చివరి పదేండ్లూ ఇన్సులినే గదండీ" అన్నారు. ఆయన ముందున్న కాఫీ అప్పటికీ ముట్టుకోలేదని అమ్మాయి తల్లి అప్పుడు చూశారు. లోపలికి వెళ్లి చక్కెర లేనిది మరొకటి కలిపి తెచ్చారు.