సంఘమునకు అద్దె సర్వరు: ధరలను పోల్చు విధము

విత్తనము కొనునపుడు బస్తాపై వ్రాసిన ధరను మాత్రమే చూచి కొను రైతు లేడు. మొలక శాతమెంత, తాలెంత, ఎంత దూరమునుండి తెచ్చుకొనవలయును, రొక్కమా అరువా అని విచారించిన పిమ్మటనే బేరమాడును. ఇప్పుడు మన సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలును, సభ్యుల బిడ్డలు పట్టణములలో పెట్టుకొనుచున్న చిన్న వ్యాపారములును క్రొత్త సరకొకటి కొనుచున్నవి. దానిని క్లౌడ్ హోస్టింగు అందురు. ఈ సరకు విషయమున మాత్రము పలువురు ప్రకటనలోని అంకెను చూచియే ఒప్పుకొనుచున్నారు. నెల బిల్లు వచ్చినపుడు గాని, ఒకనాడు లెక్కలన్నియు మాయమైనపుడు గాని విచారము మొదలగును. అట్టి నష్టము సభ్యుల వాటాధనము మీదనే పడును గనుక, ఈ సరకును తూచి కొను విధమును ఇచట వివరింపబూనితిమి. మేము వ్యవసాయ ప్రదర్శకులము. ఈ కంపెనీలలో ఏ ఒక్కదానికిని ఏజెంట్లము కాము.

క్లౌడ్ అనగా నేమి?

పేరు మేఘమే గాని, ఆకసమున నేమియు లేదు. అది యొక పెద్ద గిడ్డంగి. అందు వేలకొలది కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడచుచుండును. వానికి ఎడతెగని కరెంటును, చల్లదనమును, కాపలాయును కంపెనీవారు ఏర్పాటుచేయుదురు. ఆ కంప్యూటర్లలో కొంత భాగమును గంటల లెక్కను గాని నెలల లెక్కను గాని అద్దెకిత్తురు. అట్టి భాగమునే సర్వరు అని వాడుకలో పిలుచుచున్నారు. మన సంఘపు వెబ్‌సైటు, ఎఱువుల నిల్వ పట్టిక, కూరగాయల ఆర్డర్లు అందుండును. సభ్యుడు తన ఫోనులో వానిని తెఱచి చూచుకొనును. ఇట్టి గిడ్డంగులు మనకు దూరమున లేవు. అమెజాను కంపెనీవారు తెలంగాణమున 20,761 కోట్ల రూపాయల పెట్టుబడితో వీనిని కట్టుదురని 2020 నవంబరులో ప్రకటింపబడెను. 2022 నవంబరులో వారి హైదరాబాదు కేంద్రము పనిచేయ మొదలిడెను. హైదరాబాదునందే 2007లో స్థాపితమైన కంట్రోల్ఎస్ అను కంపెనీయు ఈ వ్యాపారమే చేయుచున్నది.

మొదట అవసరము తేల్చుకొనుడు

ఎకరము చెక్కకు ట్రాక్టరు కొనువాడు అప్పులపాలగును. అటులనే ప్రతి సంఘమునకును సర్వరు అక్కఱలేదు. ధరలను, సమావేశపు తేదీలను తెలుపుటకు వాట్సాపు చాలును. మార్పులేని నాలుగు పుటల వెబ్‌సైటు కావలయునన్నచో క్లౌడ్‌ఫ్లేరు, గిట్‌హబ్ వంటి కంపెనీలు దానిని ఉచితముగానే ఉంచనిచ్చును. ఇక ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల మాట. 63,000 సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించినది. అందు చేరిన సంఘముల అప్పుల లెక్కలు ఆ పథకపు ఉమ్మడి సాఫ్టువేరులోనే ఉండును. వానికై వేఱుగా సర్వరు తీసికొనుట దండుగ. సభ్యులనుండి ఆర్డర్లు తీసికొని డబ్బు వసూలుచేయు సంఘమునకును, సాఫ్టువేరు వ్రాసి జీవించు యువకులకును, సరకు నిల్వలను దినదినము మార్చుకొను చిన్న వర్తకులకును మాత్రమే సర్వరు నిజముగా పనికివచ్చును.

మూడు తరగతులు

మొదటిది ఉమ్మడి బావి వంటిది. ఒకే సర్వరుపై పలువురి వెబ్‌సైట్లుండును. ఖర్చు తక్కువ, కాని పొరుగువాడు ఎక్కువ తోడిన దినమున మన కాలువలో నీరు సన్నగిలును. రెండవది, మనకు వంతు నిర్ణయమై, మోటారు మనమే నడుపుకొను బావి వంటిది. దీనిని వర్చువల్ సర్వరు అందురు. ఇందు కలుపు తీయుట, గట్లు వేయుట, అనగా సాఫ్టువేరును ఎప్పటికప్పుడు క్రొత్తదిగా ఉంచుటయు, దొంగలు చొరకుండ చూచుటయు మన పనియే. మూడవది పాలేరుతో కూడ అద్దెకు వచ్చు బావి. నిర్వహణ కంపెనీవారిదే, ధర మాత్రము ఎక్కువ. సంఘములో పని తెలిసిన మనిషి లేనిచో రెండవ తరగతి జోలికి పోరాదు. కలుపు తీయని మడి పంట నీయనట్లే, కనిపెట్టి చూడని సర్వరు కొలది నెలలలోనే పరుల పాలగును.

ఒకే కొలతతో కొలువవలయును

సికిందరాబాదు స్టేషనుకు చేరువనున్న బోయిగూడ అడితీలలో కలప కొన్నవారికి ఈ సంగతి చక్కగా తెలియును. ఒకడు దుంగ లెక్కన ధర చెప్పును. ఇంకొకడు ఘనపుటడుగు లెక్కన చెప్పును. కోత కూలి ఒకని ధరలో చేరును, మఱియొకని ధరలో చేరదు. అన్నిటిని ఒకే కొలతకు తెచ్చిన గాని ఏది చౌకయో తెలియదు. సర్వర్ల విషయమును అంతియే.

రెండు కంపెనీలను చూతము. డిజిటల్ ఓషను వారికి బెంగుళూరున గిడ్డంగి కలదు. లినోడు అనునది 2003లో పుట్టి, 2022లో అకమై కంపెనీ చేతికి వచ్చినది. వారికి ముంబయిలో గిడ్డంగి కలదు. 1 జీబీ మెమరీ, 25 జీబీ నిల్వ, నెలకు 1,000 జీబీ రాకపోకలు గల సర్వరునకు 2025లో వారు ప్రకటించిన ధరలు, మొదటివారిది నెలకు 6 డాలర్లు, రెండవవారిది 5 డాలర్లు. లెక్క కొఱకు డాలరు 90 రూపాయలనుకొని, 18 శాతము జీఎస్టీ చేర్చినచో, ఏటికి రెంటికిని 1,274 రూపాయల భేదము కనబడును. రెండవదే చౌక యని అందఱును తీర్మానింతురు.

కాని నకళ్లు, అనగా బ్యాకప్పులు తీయు రుసుము ఈ ధరలలో చేరలేదు. వారమునకొక నకలు తీయుటకు డిజిటల్ ఓషను వారు సర్వరు ధరలో 20 శాతము, అనగా 1 డాలరు 20 సెంట్లు పుచ్చుకొందురు. లినోడు వారు ఇదే పనికి 2 డాలర్లు పుచ్చుకొందురు. ఇప్పుడు నెలకు మొదటివారిది 7 డాలర్ల 20 సెంట్లు, రెండవవారిది 7 డాలర్లు. ఏటికి పన్నుతో మొదటివారిది సుమారు 9,176 రూపాయలు, రెండవవారిది సుమారు 8,921 రూపాయలు. 1,274గా తోచిన భేదము 255కు దిగినది! అయితే లినోడు వారు దినదినము నకలు తీయుదురు. ఆర్డర్లు ప్రతిదినము వచ్చు సంఘమునకు అది పెద్ద మేలు. నెలకొకసారి మార్పు జరుగు సంఘమునకు దానివలన విశేషమేమియు లేదు. 300 మంది సభ్యులున్న సంఘములో తలకు ఏటికి ముప్పది రూపాయలు పడును. ఇది ఎక్కువయో తక్కువయో మహాజన సభవారే తేల్చుకొనవలయును.

కనబడని ఖర్చులు

అమెజానువారి పెద్ద సేవలలో ప్రతి వస్తువునకును వేర్వేఱు ధరలుండును. 2024 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఒక్కొక్క ఇంటర్నెట్ చిరునామాకు గంటకు అర సెంటు వసూలుచేయ మొదలిడిరి. నెలకు 730 గంటలు చొప్పున ఇది 3 డాలర్ల 65 సెంట్లగును. డిజిటల్ ఓషను వారి మిక్కిలి చిన్న సర్వరు మొత్తము ధరయే 4 డాలర్లు కాగా, ఇచట ఒక్క చిరునామాకే దాదాపు అంత అగుచున్నదని గ్రహింపవలయును. చిన్నవారి కొఱకు అమెజానువారే లైట్‌సెయిలు అను పేరుతో నెలకొక్క ధరగా ఇచ్చు సేవ కలదు. అందు బిల్లు ముందే తెలియును. కాని ముంబయి కేంద్రమున రాకపోకల పరిమితి ఇతర కేంద్రములలోని దానిలో సగమేనని మఱవరాదు.

మఱియొక సంగతి. సర్వరును ఆపి యుంచినంత మాత్రమున డిజిటల్ ఓషనులోను, లినోడులోను అద్దె ఆగదు. మోటారు కట్టివేసినను బావి కౌలు నడచుచునే యుండును. అక్కఱ తీరిన సర్వరును పూర్తిగా తీసివేసిననే బిల్లు నిలుచును.

చెల్లింపు విధమును చూడవలయును. డాలర్లలో బిల్లు వేయు కంపెనీలకు కార్డుపై చెల్లించునపుడు మారకపు ఖర్చు కూడ పడును. రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము 2021 అక్టోబరు 1వ తేదీనుండి, సభ్యుడు ముందుగా అనుమతి నమోదు చేయనిదే కార్డునుండి నెలనెలా సొమ్ము కోయరాదు. చెల్లింపు తప్పినచో కంపెనీవారు కొంత గడువిచ్చి సర్వరును ఆపుదురు, పిమ్మట తుడిచివేయుదురు. కావున రూపాయలలో బిల్లు ఇచ్చు అమెజాను భారత శాఖను గాని, ఢిల్లీ ప్రాంతపు ఇ2ఇ నెట్‌వర్క్స్ వంటి దేశీయ కంపెనీని గాని తీసికొనినచో సంఘపు ఆడిటు సులభమగును.

దూరము

జర్మనీ దేశపు హెట్జ్‌నర్ కంపెనీ చౌకకు పేరొందినది. జర్మనీ, ఫిన్లాండు, అమెరికాలతో పాటు 2024లో సింగపూరునను వారు సేవ ప్రారంభించిరి. మన దేశమున వారికి గిడ్డంగి లేదు. గాజు తీగలో వెలుగు సెకండుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి జర్మనీకి సుమారు 7,000 కిలోమీటర్లు. పోయివచ్చుటకు తక్కువలో తక్కువ సెకండులో నూఱింట ఏడు వంతులు పట్టును. బెంగుళూరు 500 కిలోమీటర్లే గనుక అందులో పదునాలుగవ వంతు చాలును. సముద్రపు తీగలు చుట్టు తిరిగి వచ్చును గనుక నిజముగా పట్టు కాలము ఇంకను హెచ్చు. ఒక పుట తెఱచుటకు పది మారులు పోయి రావలసియున్నచో సభ్యుని ఫోనులో ఆలస్యము స్పష్టముగా కనబడును. యువకులు ప్రయోగములు చేసికొనుటకు దూరపు చౌక సర్వరు మంచిదే. ఆర్డర్లు తీసికొనుటకు మాత్రము దేశములోని సర్వరే మేలు.

అగ్ని భయము, మొలక పరీక్ష

అగ్ని ఎంతటి ఘోరమో బోయిగూడవారికి చెప్పనక్కఱలేదు. 2022 మార్చి 23వ తేదీన అచటి తుక్కు గిడ్డంగిలో 11 మంది కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖముతో దేనిని గాని పోల్చుట తగదు. అయినను కంప్యూటర్ల గిడ్డంగులును కాలునని తెలిసికొనవలయును. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు నగరమున ఓవీహెచ్ కంపెనీవారి భవన మొకటి పూర్తిగా తగులబడెను. ప్రాణనష్టము లేదు, కాని వేఱుచోట నకలు ఉంచుకొననివారి లెక్కలు తిరిగి రాలేదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వపు కేంద్రము తగులబడగా, ఉద్యోగులు దాచుకొనిన 858 టెరాబైట్ల సమాచారము నకలు లేక నశించెను. ప్రభుత్వములకే ఇట్లు జరిగినపుడు మన సంఘమెంత?

కాబట్టి కంపెనీవారి నకలుతో తృప్తిపడక, వారమునకొకసారి యొక నకలును సంఘపు ఆఫీసులోని డిస్కులో వేఱుగా దాచవలయును. దాచినంత మాత్రమున చాలదు. విత్తుటకు ముందు నూఱు గింజలను తడిగుడ్డలో చుట్టి ఎన్ని మొలచెనో లెక్కించుట మనకు అలవాటే. అటులనే మూడు నెలలకొకసారి ఆ నకలును వేఱొక కంప్యూటరుపై తెఱచి, లెక్కలు సరిగా వచ్చుచున్నవో లేదో చూడవలయును. తెఱచి చూడని నకలు మొలక చూడని విత్తనము వంటిది.

తాళపుచెవి ఎవరిది?

ధరకంటెను ముఖ్యమైన విషయ మిది. పని తెలిసిన కుఱ్ఱవాడు తన సొంత ఈమెయిలుతో, తన కార్డుతో ఖాతా తెఱచును. రెండేండ్ల పిమ్మట అతడు వేఱు ఉద్యోగమునకు పోవును. వెబ్‌సైటు పేరును, సర్వరును, సభ్యుల లెక్కలును అతని పేరనే యుండిపోవును. ఇందు ఆ కుఱ్ఱవాని దోషము లేదు; ఏర్పాటు చేయని పాలకవర్గము దోషము. ఖాతా సంఘము పేర, సంఘపు ఈమెయిలుతో తెఱవవలయును. పాస్‌వర్డును, రెండవ తాళమువంటి సంకేతమును అధ్యక్షులును కార్యదర్శియు కూడ ఎఱిగియుండవలయును. ఈ ఏర్పాటును మినిట్సు పుస్తకములో తీర్మానముగా వ్రాయవలయును. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము ఇతరుల వివరములను ఉంచుకొనువారిపై బాధ్యత మోపినది. పనికిరాని ఆధారు నంబర్లను, బ్యాంకు వివరములను అద్దె సర్వరుపై పెట్టకుండుటయే మంచి రక్షణ.

ప్రదర్శన మడి

ఏ కంపెనీ మాటను గాని, మా మాటను గాని నమ్మి తొందరపడవలదు. క్రొత్త వంగడమును ఊరంతయు ఒకేసారి వేయము గదా! రెండు కంపెనీలనుండి ఒకే కొలతగల సర్వర్లను ఒక్క నెల తీసికొనుడు. రెంటిమీదను అదే పనిని నడుపుడు. సభ్యుని ఫోనులో ఎంత ఆలస్యమైనది, ఎన్ని మారులు ఆగినది, సహాయము కోరిన ఎన్ని గంటలకు జవాబు వచ్చినది, పన్నుతో నెల బిల్లెంత అను నాలుగు సంగతులను ఒక కాగితముపై పక్కపక్కన వ్రాయుడు. నెల ముగియగానే ఓడిన సర్వరును తీసివేయుడు. ఈ పరీక్షకు వేయి, రెండువేల రూపాయలకు మించదు. ఆ కాగితమును మహాజన సభ ముందుంచినచో, కంప్యూటరు తెలియని సభ్యుడును తన సొమ్ము దేనికి పోవుచున్నదో అడిగి తెలిసికొనగలడు. సహకారమనగా అదియే గదా.