అక్వేరియం చేపకు జబ్బు చేసినప్పుడు

చేప ఒంటిపై ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించి, అది రాళ్లకు ఒరుసుకొంటుంటే తెల్లమచ్చల వ్యాధిగా అనుమానించవలెను. పరాన్నజీవి వలన కలిగే ఈ వ్యాధి తొట్టెలోని ఇతర చేపలకూ సోకుతుంది.

మందు వేయుటకు ముందు నీటిని సరిచేయవలెను. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలకు హానికరం. ఆ నీటిని వెడల్పాటి పాత్రలో 24 గంటలు తెరచి ఉంచిన పిదప వాడవలెను. మన జిల్లా బోరునీటిలో లవణాలు అధికం. నీటి గుణం ఒక్కసారిగా మారితే చేప తట్టుకోలేదు. కావున ఒకసారికి నాలుగవ వంతు మాత్రమే మార్చవలెను.

చుక్కలు మాయమైన వెంటనే మందు ఆపరాదు. క్రిమి చేప ఒంటిని విడిచి నీటిలో ఈదే దశలోనే మందుకు చస్తుంది.

జబ్బు చేపను గాని, మందు కలిసిన నీటిని గాని చెరువులో వదలరాదు. బేతమంగళ చెరువు కె.జి.ఎఫ్. ప్రజల త్రాగునీటి ఆధారం. చచ్చిన చేపను మట్టిలో పాతిపెట్టవలెను.