మీకు తెలుసా? కందవాయి చిమ్ము సిరా

హొసూరు–సర్జాపుర రోడ్డు పేరిట వెలసిన బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, అగర చెరువు నెంత గాలించినను స్క్విడ్ ఒక్కటియైనను దొరకదు. మన కోస్తా జాలరులు కందవాయి యని పిలుచు ఈ జీవికి ఉప్పునీరే ప్రాణాధారము, మంచినీట బ్రతుకు కందవాయి లోకమున లేనే లేదు. కావున అచటి వంటయిండ్లకు చేరునది మంచుగడ్డల నడుమ ప్రయాణించి వచ్చిన నిర్జీవదేహమే.

కడలిపై, రాత్రివేళ దీపకాంతికి చేరువైన కందవాయిని గాలమునుండి విడిపించువారు, మొండెమును వెనుకనుండి పట్టి, తలక్రింది గొట్టమును తమ ముఖమువైపు గాక నీటివైపు త్రిప్పవలయును. ఏలయన, బెదరిన ప్రాణి మెలానిన్ అను నల్లని వర్ణద్రవ్యమును జిగురుతో కలిపి ఆ గొట్టముగుండనే చిమ్మును.

చచ్చినదానియందును సిరాతిత్తి నిండియుండవచ్చును. తలను మెల్లగా వెలికి లాగినచో, ప్రేవులతోపాటు వెండివలె మెరయు ఆ సన్నని తిత్తియు చిట్లకుండ వచ్చును. చిట్లి బట్టపై పడెనేని, మరక ఆరకమునుపే చన్నీట జాడించుట మేలు.

మూడు గుండెలును, రాగిచే నీలివర్ణమైన నెత్తురును గల ఈ జీవికి దాయాదియైన సెపియా సిరాతోనే పూర్వము పాశ్చాత్య చిత్రకారులు గోధుమవన్నె చిత్రములు గీచిరి.