గ్రాముల లెక్కలో రివాల్వర్: ఒక తేలిక యంత్రం చరిత్ర

కాలిబాటల వెంట రోజుల తరబడి కొండలూ అడవులూ దాటే అమెరికన్ యాత్రికులు గుడారం, పక్కబట్టలు, వంటసామగ్రి, తిండి అన్నింటినీ వీపున మోసుకుపోవలసి ఉంటుంది కాబట్టి ప్రతి వస్తువునూ గ్రాముల్లో తూచి ఎంచుకోవడం వారికి అలవాటు. అలాస్కా, మోంటానా, వయోమింగ్ వంటి రాష్ట్రాల్లో గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతాలకు వెళ్లేవారిలో కొందరు ఆ సామగ్రికి ఒక రివాల్వర్‌ను కూడా జోడిస్తారు. ఏళ్లు గడిచినా పేల్చే అవసరం రాకపోవచ్చు గానీ అడుగడుగునా మోయక తప్పని ఈ వస్తువు ఎంత తేలికగా ఉంటే అంత మేలని తోచడం సహజం. అయితే దాదాపు రెండు శతాబ్దాల రివాల్వర్ చరిత్రను పరిశీలిస్తే, దాని బరువు తగ్గించిన మార్పుల్లో చాలావరకు లోహశాస్త్రం సాధించిన విజయాలేననీ, ఆ విజయాలకు భౌతికశాస్త్రం మూల్యం వసూలు చేసిందనీ తెలుస్తుంది.

ఒకే గొట్టం వెనుక, తూటాలు నింపే ఐదారు అరలున్న సిలిండర్ తిరుగుతూ, ఒక్కో అరనూ వరుసగా గొట్టానికి ఎదురుగా తెచ్చి నిలిపే చేతి తుపాకీని రివాల్వర్ అంటారు. ఎలీషా కొలియర్ అనే అమెరికన్ 1818లో బ్రిటన్‌లో పేటెంట్ పొందిన చెకుముకి రివాల్వర్ ఈ వంశానికి పూర్వరూపం. 1830లో బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరిన కార్వో అనే ఓడలో పనికి కుదిరిన పదహారేళ్ల శామ్యూల్ కోల్ట్, ఓడలోని చక్రం తిరిగి ఒక స్థానంలో కుదురుకొని నిలిచే తీరును గమనించి, అదే సూత్రంతో పనిచేసే తుపాకీ నమూనాను కొయ్యతో చెక్కాడని చెబుతారు. సుత్తిని వెనక్కి లాగితే చాలు, దానికి తగిలించిన చిన్న కొక్కెం సిలిండర్ వెనుక ఉన్న పళ్లను నెట్టి దానిని ఒక అర మేర తిప్పడం, వెంటనే మరొక భాగం సిలిండర్‌ను కదలకుండా పట్టి ఉంచడం అతని ఏర్పాటులోని కీలకాంశం. దీనికి 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో పేటెంట్ లభించింది.

ఆనాటి రివాల్వర్ బరువును నిర్ణయించినది ప్రధానంగా లోహపు బలహీనత. పేలుడు వాయువుల ఒత్తిడిని తట్టుకోవలసిన సిలిండర్ గోడలు బలహీనమైన ఇనుముతో చేసినవైతే మందంగా ఉండాలి, మందం పెరిగితే బరువు పెరుగుతుంది. టెక్సాస్ రేంజర్ల దళానికి చెందిన కెప్టెన్ శామ్యూల్ వాకర్ సూచనలతో 1847లో తయారైన కోల్ట్ వాకర్ రివాల్వర్ సుమారు 2 కిలోల బరువుండేది. నడుముకు కట్టుకోవడం కష్టమైన ఆ ఆయుధాన్ని గుర్రపు జీనుకు వేలాడే ఒరల్లో మోసేవారు, అంత బరువున్నా అందులోని సిలిండర్లు కొన్ని పేలుడు ధాటికి పగిలిపోయాయి. 1860 నాటికి మెరుగైన ఉక్కు అందుబాటులోకి రావడంతో కోల్ట్ సంస్థ దాదాపు అంతే వ్యాసమున్న తూటాను పేల్చే ఆర్మీ రివాల్వర్‌ను సుమారు 1.2 కిలోల బరువుతో తయారుచేయగలిగింది. దానిలో నింపే మందును తగ్గించడం కూడా ఇందుకు కొంత తోడ్పడింది గానీ, లోహం బలపడితే గోడ పలుచబడుతుందన్న పాఠం మాత్రం అప్పుడే స్థిరపడి, తరువాతి తయారీదారులందరికీ దారి చూపింది.

తూటా, మందు, నిప్పు పుట్టించే రసాయనం మూడూ ఒకే లోహపు తొడుగులో అమరిన కార్ట్రిడ్జిని స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 1857లో తన మొదటి రివాల్వర్‌తో ప్రచారంలోకి తెచ్చింది. 1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియేయ్ పొగరాని మందును రూపొందించాక కొద్దిపాటి మందుతోనే ఎక్కువ ఒత్తిడిని పుట్టించడం సాధ్యమైంది. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ కార్ట్రిడ్జి అరలో పుట్టే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 35,000 పౌండ్లు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 2,400 రెట్లు. అంతకుముందు పోలీసులు విరివిగా వాడిన .38 స్పెషల్‌లో అది ఇందులో సగం మాత్రమే. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ మరింత బరువైన తూటాతో పెద్ద జంతువులను సైతం పడగొట్టగలిగింది గానీ, దానిని పేల్చడానికి మొదట్లో చేసిన ఉక్కు రివాల్వర్లు చాలావరకు 1.2 కిలోలకు తగ్గలేదు.

బరువు తగ్గించే పనిలో మొదటి పెద్ద మలుపు అల్యూమినియంతో వచ్చింది. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు కాగా అల్యూమినియం సాంద్రత 2.7 గ్రాములే, కాబట్టి ఒకే పరిమాణంలోని భాగం దాదాపు మూడోవంతు బరువుకు దిగుతుంది. 1950లో కోల్ట్ సంస్థ తన డిటెక్టివ్ స్పెషల్ రివాల్వర్ చట్రాన్ని, అంటే గొట్టం, సిలిండర్, పిడి అన్నింటినీ కలిపి పట్టి ఉంచే భాగాన్ని, అల్యూమినియం మిశ్రలోహంతో చేసి కోబ్రా పేరుతో విడుదల చేసినప్పుడు బరువు సుమారు 600 గ్రాముల నుంచి 425 గ్రాములకు తగ్గింది. అదే కాలంలో అమెరికా వైమానిక దళం విమాన సిబ్బంది కోసం చట్రంతో పాటు సిలిండర్ కూడా అల్యూమినియంతోనే ఉండే ఎం13 రివాల్వర్‌ను కోరింది. ఆ సిలిండర్లు మామూలు .38 స్పెషల్ తూటాల ఒత్తిడికి పగుళ్లు ఇవ్వడంతో వాటి కోసం ప్రత్యేకంగా బలం తగ్గించిన తూటాలు తయారుచేయవలసి వచ్చింది. చివరకు ఆ రివాల్వర్లను ఉపసంహరించుకొని, చాలావరకు ధ్వంసం చేశారు. చట్రం ప్రధానంగా సాగదీసే బలాన్ని మోస్తే, సిలిండర్ పేలుడు ఒత్తిడిని నేరుగా భరిస్తుందనీ, రెండింటికీ ఒకే లోహం సరిపోదనీ ఈ వైఫల్యం స్పష్టం చేసింది.

ఆ చిక్కును విప్పిన లోహాలు రెండు. ఉక్కులో 57 శాతం సాంద్రతతోనే మంచి ఉక్కుతో పోల్చదగిన బలాన్నిచ్చే టైటానియం మిశ్రలోహం సిలిండర్‌కు తగినదిగా తేలింది. చట్రానికి ఉపకరించిన రెండవ లోహం స్కాండియం. 1871లో మెండలీవ్ తన ఆవర్తన పట్టికలోని ఖాళీని బట్టి ఏకబోరాన్ పేరుతో దాని ఉనికిని ముందే ఊహించగా, 1879లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్స్ ఫ్రెడ్రిక్ నిల్సన్ దానిని కనుగొన్నాడు. అల్యూమినియంలో ఒక శాతంలో కొద్ది భాగం స్కాండియం కలిపినా, ఆ రెండు మూలకాల సమ్మేళనం అతి సూక్ష్మ కణాలుగా లోహమంతటా ఏర్పడి, లోహంలోని స్ఫటిక రేణువులు పెద్దవి కాకుండా అడ్డుకొని, దాని బలాన్ని గణనీయంగా పెంచుతుంది. సోవియట్ లోహశాస్త్రజ్ఞులు యుద్ధవిమానాల కోసం వృద్ధి చేసిన ఈ మిశ్రలోహాన్ని స్మిత్ అండ్ వెస్సన్ 2000 తరువాతి సంవత్సరాల్లో రివాల్వర్ చట్రాలకు వాడింది. ఫలితంగా .357 మాగ్నమ్‌ను పేల్చే ఐదు అరల రివాల్వర్ 350 గ్రాముల లోపుకు, .44 మాగ్నమ్‌ను పేల్చే 329పీడీ నమూనా సుమారు 710 గ్రాములకు దిగివచ్చాయి. 2009లో రూగర్ సంస్థ ట్రిగ్గర్ భాగాలను పట్టి ఉంచే తొడుగును పాలిమర్‌తో, అంటే గట్టి ప్లాస్టిక్‌తో చేసి, ఎల్‌సీఆర్ పేరుతో .38 స్పెషల్ రివాల్వర్‌ను 400 గ్రాములలోపు బరువుతో అందించింది.

లోహశాస్త్రం ఇంత సాధించినా న్యూటన్ సూత్రాలు మారలేదు. తూటా ముందుకు దూసుకుపోయేటప్పుడు పొందే ద్రవ్యవేగానికి, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించగా వచ్చే రాశికి, సమానమైన ద్రవ్యవేగంతో తుపాకీ వెనక్కి తంతుంది. 10 గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో గొట్టాన్ని వీడిందనుకుంటే, 1 కిలో బరువున్న ఉక్కు రివాల్వర్ సెకనుకు 3.5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, 350 గ్రాముల రివాల్వరైతే 10 మీటర్ల వేగంతో వస్తుంది. చేతికి తగిలే గతిజశక్తి వేగపు వర్గంతో ముడిపడి ఉంటుంది కాబట్టి అది మొదటి సందర్భంలో సుమారు 6 జౌళ్లు, రెండవ సందర్భంలో 17.5 జౌళ్లు. తూటాతో పాటు వెలువడే వేడి వాయువుల ద్రవ్యవేగాన్ని కలిపితే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి. పైగా గొట్టం పిడికిలికి పైన ఉండటంవల్ల తుపాకీ వెనక్కి తన్నడంతో ఆగక పైకి కూడా లేస్తుంది, దానిని తిరిగి గురికి తెచ్చేసరికి విలువైన క్షణాలు గడిచిపోతాయి. మీదికి ఉరుకుతున్న గ్రిజ్లీ సెకనుకు పది మీటర్లకు పైగా దూరాన్ని దాటగలదు.

ఈ వెనుదన్ను ప్రభావం యంత్రం లోపల కూడా కనిపిస్తుంది. తుపాకీ ఒక్కసారిగా వెనక్కి జరిగినప్పుడు, ఇంకా పేలని కార్ట్రిడ్జిల తొడుగులు దానితోపాటు వెనక్కి వెళతాయి గానీ, బస్సు హఠాత్తుగా కదిలినప్పుడు నిలబడినవారు ఉన్నచోటే ఉండిపోవాలన్నట్లు వెనక్కి తూలే విధంగానే, వాటిలోని బరువైన తూటాలు జడత్వం వల్ల ఉన్నచోటే నిలవబోయి తొడుగుల నుంచి కొద్దికొద్దిగా ముందుకు జారుతాయి. అలా జారిన తూటా సిలిండర్ ముందుకు పొడుచుకు వస్తే సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోతుంది. అటువంటి స్థితిలో రివాల్వర్ ఎందుకూ పనికిరాదు. అందుచేత తేలిక రివాల్వర్లకు తొడుగు అంచును తూటా చుట్టూ గట్టిగా నొక్కి బిగించిన కార్ట్రిడ్జిలనే వాడవలసి ఉంటుంది. మరోవైపు, మరీ తేలికైన తూటాలను వాడినప్పుడు మండుతున్న మందు రేణువులు టైటానియం సిలిండర్ ముఖాన్ని కోసివేయగలవు కాబట్టి, 120 గ్రెయిన్లకు, అంటే సుమారు 7.8 గ్రాములకు, తగ్గిన తూటా వాడరాదని కొన్ని .357 నమూనాల గొట్టం మీదనే చెక్కి ఉంటుంది. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్యనున్న సందులో నుంచి ఎగజిమ్మే వేడి వాయువులకు అల్యూమినియం చట్రం కరిగిపోకుండా ఆ చోట సన్నని ఉక్కు రేకును అమర్చుతారు.

కాలిబాటకు సంబంధించిన మరొక ముఖ్యాంశం జారిపడినప్పటి భద్రత. పాత రివాల్వర్లలో సుత్తి నేరుగా కార్ట్రిడ్జి మీద ఆనుకొని ఉండేది కాబట్టి, రాతి మీద పడితే పేలే ప్రమాదాన్ని తప్పించడానికి ఒక అరను ఖాళీగా వదిలేవారు. 1973లో రూగర్ తన సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో, అంటే ప్రతిసారీ బొటనవేలితో సుత్తిని లాగవలసిన నమూనాల్లో, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినప్పుడు మాత్రమే పైకి లేచి సుత్తి దెబ్బను కార్ట్రిడ్జిని పేల్చే ముల్లుకు అందించే అడ్డపట్టీని ప్రవేశపెట్టింది. ఇటువంటి ఏర్పాటు ఉన్న రివాల్వర్‌లో అరలన్నీ నింపి నడవవచ్చు. ట్రిగ్గర్ నొక్కితే చాలు సుత్తి లేచి పడే డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో, ఒక తూటా పేలకపోయినా మళ్లీ నొక్కితే తరువాతి అర ఎదురుకు వస్తుంది. వీపుసంచి నడుంపట్టీ అడ్డు రాకుండా ఛాతీ మీద ఒరను కట్టుకొనే యాత్రికులు రివాల్వర్‌ను ఇష్టపడటానికి ఈ సరళతే ముఖ్య కారణం.

అయినా ఎలుగుబంటి నుంచి రక్షణే లక్ష్యమైతే ముందుగా పరిశీలించవలసిన సాధనం వేరొకటి ఉంది. మిరపలోని ఘాటు పదార్థమైన కాప్సైసిన్‌తో చేసిన స్ప్రేను అలాస్కాలో ఉపయోగించిన 83 సంఘటనలను టామ్ స్మిత్, స్టీఫెన్ హెరేరో బృందం విశ్లేషించి 2008లో ప్రచురించింది. గోధుమరంగు ఎలుగుబంట్ల విషయంలో 92 శాతం సందర్భాల్లో అది వాటి దుడుకుతనాన్ని ఆపిందనీ, దగ్గరి నుంచి ఎదురుపడిన సందర్భాల్లో స్ప్రే ఉన్నవారిలో 98 శాతం మందికి గాయాలు కాలేదనీ ఆ అధ్యయనం తేల్చింది. అదే శాస్త్రజ్ఞులు తుపాకులున్న 269 సంఘటనలను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో చేతి తుపాకులు 84 శాతం సందర్భాల్లో ఫలితమిచ్చినట్లు కనిపించినా, తుపాకీ పేల్చినవారికీ పేల్చనివారికీ గాయాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని వెల్లడైంది. రెండు అధ్యయనాల సంఘటనలు ఒకే రకమైనవి కావు కాబట్టి శాతాలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు. అయితే సూక్ష్మమైన గురి అవసరం లేకుండా మబ్బులా కమ్మే స్ప్రేను భయంతో వణికే చేయి కూడా సమర్థంగా వాడగలదు.

చట్టం కూడా ఎంపికలో భాగమే. అమెరికాలో 2010 ఫిబ్రవరి 22 నుంచి ఆయా రాష్ట్రాల చట్టాలకు లోబడి జాతీయ ఉద్యానాల్లోకి తుపాకీ తీసుకుపోవచ్చు గానీ, వాటిలోని ప్రభుత్వ భవనాల్లోకి తీసుకుపోవడం నిషిద్ధం. భారతదేశంలోనూ తేలిక రివాల్వర్ తయారవుతోంది. కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 2014లో విడుదల చేసిన నిర్భీక్ టైటానియం మిశ్రలోహంతో సుమారు 500 గ్రాముల బరువుంటుంది. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టరాదు. నల్లమలలోని శ్రీశైలం, అమ్రాబాద్ అభయారణ్యాలకు వెళ్లేవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

కనుక తేలిక రివాల్వర్‌ను ఎంచుకొనే యాత్రికుడు త్రాసు మీద కనిపించే అంకెను చివరి ప్రమాణంగా తీసుకోరాదు. అడవిలో మోయదలచిన పూర్తిస్థాయి తూటాలతోనే సాధన చేసి, వరుసగా పేల్చినా గురి చెదరకుండా, సిలిండర్ బిగుసుకోకుండా తన చేతిలో నిలవగలిగిన వాటిలో అతి తేలికైనదే అతనికి తగిన రివాల్వర్. మాగ్నమ్ వెనుదన్నును తట్టుకోలేనివారు అదే రివాల్వర్‌లో పొట్టిదైన .38 లేదా .44 స్పెషల్‌ను వాడవచ్చు గానీ, దానితోపాటు తూటా బలం కూడా తగ్గుతుందని గుర్తించాలి. సాధనకు తీరిక లేనివారు ఆ బరువును స్ప్రే డబ్బాకు కేటాయించి, ఆహారాన్ని ఎలుగుబంట్లకు అందకుండా దాచడం, గుంపుగా మాట్లాడుకుంటూ నడవడం వంటి జాగ్రత్తలను శ్రద్ధగా పాటించడమే మేలు.