మిద్దెమీఁది సూర్యవిద్యుత్తు
మిద్దెపై బిగించిన ఫలకములయందలి సిలికాన్ పొరలకు సూర్యకిరణములు సోకినంతనే పుట్టు డీసీ కరెంటును మన ఫ్యానులకును దీపములకును పనికివచ్చు ఏసీగా మార్చునది ఇన్వర్టరు. వాడుకకు మించినది నెట్ మీటరు గుండా వీధితీఁగెలలోనికిఁ బోయి మన లెక్కలో జమపడును. 1 కిలోవాట్ ఫలకములు మంచి యెండ గల దినమున సుమారు 4 యూనిట్లనిచ్చును.

అయితే కరెంటు పోయినప్పుడు, మిట్టమధ్యాహ్నపుటెండలో సైతము, బ్యాటరీ లేని యీ యేర్పాటు ఆగిపోవుటఁ జూచి పలువురు మోసపోతిమని వగతురు. అది లోపము కాదు, మన కరెంటు వీధితీఁగెలలోనికిఁ బోకుండఁ జేసి, స్తంభమెక్కి తీఁగె సవరించు లైన్‌మన్ ప్రాణమునకు కల్పించిన రక్ష, మిక్కిలి గౌరవింపఁదగినది.

2024లో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ప్రకటింపఁబడినది. నీళ్లట్యాంకు నీడ ఒక్క ఫలకముపైఁ బడినను ఉత్పత్తి తగ్గును గావున, బిగింపకమునుపే, ఉదయము మొదలు సాయంకాలము వఱకు నీడ యెచ్చటఁ బడునో మిద్దెయెక్కి చూచుకొనుఁడు.